మేనమామ ఇంట్లో చిలుక

అనగనగా ఒక రాజు. ఆ రాజుకు ముగ్గురు కొడుకులు. ఒకనాడు ధూమకంఠుడనే మాంత్రికుడు వచ్చి, రాణిని తాళిబొట్టు భిక్ష వెయ్యమన్నాడు. "ప్రాణం పోయినా వెయ్యను, పో!" అంది రాణి. అంతే, ఆ మహాతల్లిని నిలువునా రాయిని చేసి చక్కాపోయాడు పాపిష్ఠివాడు. వాడి ప్రాణం చందమామ మీద, రాతిస్తంభానికి వేలాడే పంజరంలోని చిలుకలో ఉందట.

పెద్దవాడు వెళ్లాడు, రాలేదు. రెండోవాడు వెళ్లాడు, రాలేదు. ఇద్దరూ గెంతడంలో మొనగాళ్లే! చివరివాడు మణిధరుడికి మూరెడు ఎగరడమే గగనం. అయినా రాతితల్లి పాదాలకు మొక్కి, ఏడు సముద్రాలు దాటి, గండభేరుండపక్షి వీపెక్కి చందమామను చేరాడు.

స్తంభం కింద అన్నలిద్దరూ రాళ్లై పడి ఉన్నారు. చూసేసరికి వాడి గుండె చెరువైంది.

అక్కడున్న కుందేలు అంది: "అన్నల తప్పు నువ్వు చెయ్యకు బాబూ. భూమి మీకు తల్లి. తల్లి పట్టు గట్టిది, ఎంత ఎగిరినా కిందికి లాగేసుకుంటుంది. ఇది మేనమామ ఇల్లు. మామ పట్టు సడలు. అక్కడ మూరెడు ఎగిరేవాడు ఇక్కడ ఆరు మూరలు ఎగురుతాడు."

"మరి అన్నలకేమైంది?"

"బలమంతా పెట్టి ఎగిరాడు పెద్దవాడు. పంజరం దాటి ఎక్కడికో పోయాడు. మెల్లగా, మెల్లగా దిగుతుంటే మాంత్రికుడికి మంత్రం చదవడానికి బోలెడు వ్యవధి దొరికింది. అన్నకు బలం చాల్లేదనుకుని రెండోవాడు ఇంకా గట్టిగా ఎగిరాడు."

మణిధరుడు కళ్లు తుడుచుకున్నాడు. స్తంభాన్ని ఎగాదిగా చూసి, మునివేళ్లతో నేలను మెత్తగా నెట్టాడు. సరిగ్గా పంజరం చేతికందింది. చిలుక కేక విని మాంత్రికుడు పరుగెత్తుకొచ్చి నోరు తెరిచేలోపే, "క్షమించు చిలుకా" అని దాని మెడ నులిమేశాడు. మాంత్రికుడు కుప్పకూలాడు.

అన్నలు లేచారు. కుందేలు కాస్తా అమ్మాయైంది! ఆమె చందమామ కూతురే, ధూమకంఠుడి శాపానికి అలా అయిందట. మేనమామ కూతురు, వరసైన పిల్ల, ఇంకేం కావాలి? చందమామే కన్యాదానం చేశాడు.

ఇంటికొచ్చేసరికి రాణి గుమ్మంలో నిలబడి ఉంది. రాయి కాదు, అమ్మే! ఆనందం పట్టలేక మణిధరుడు ఎగిరాడు. మూరెడు ఎగిరి దభీమని పడ్డాడు. కొత్తకోడలైతే అడుగు తీసి అడుగు వెయ్యలేక, "అత్తయ్యా, ఒళ్లంతా బరువు" అని కంటతడి పెట్టింది.

రాణి ఆమె చెయ్యి పట్టుకుంది. "రాయై నిలబడ్డదాన్ని, బరువంటే నాకు తెలుసమ్మా. ఇది ఆ బరువు కాదు. తల్లి పట్టు. అలవాటవుతుంది."

అలవాటైంది. అన్నలే పట్టుబట్టి తమ్ముడికి పట్టం కట్టారు. ఆలుమగలిద్దరూ చల్లగా చాలాకాలం ఏలారు. పిల్లలు గెంతి, పడి, ఏడుస్తూ వస్తే ఆ చందమామ కూతురే ఎత్తుకుని, "ఏడవకు నాన్నా, అమ్మ పట్టుకుంది" అనేది.