కామసాని వంతు

పూర్వం ఒక కోటలో రాణిగారికి పూలమాలలు కట్టే తిప్పక్క, గంగసాని ఒకే ఇంట్లో ఉండేవారు. కోట సేనాపతి దళవాయిగారి వదిన కామసాని కూడా అక్కడే దిగింది. దిగుతూనే నియమం పెట్టింది.

"ఇంటిపని రోజుకొకరి వంతు. ఒకరి వంతులో ఇంకొకరు వేలు పెట్టకూడదు."

"మరి మీరో?" అంది తిప్పక్క.

"నేను పని చెబుతాను. రోజూ చెబుతాను."

చెప్పింది కూడా. కాళ్లు పట్టమంది, వండిన పప్పు మళ్లీ వండమంది. మాలలు ఆలస్యమయ్యాయి. ఇంకోసారి ఇలాగైతే ఇద్దరి కొలువూ పోతుందని అంతఃపురం నుంచి కబురొచ్చింది.

తిప్పక్క కామసాని దగ్గరికెళ్లింది. "అమ్మగారూ, పని చెప్పడం మాటలా? మీకు రోజూ ఎందుకా శ్రమ? మాలాగే మీరూ ఒక వంతు పెట్టుకుని, ఆ నాడు చెప్పండి, చాలు."

"నిజమేనే" అని కామసాని మురిసిపోయింది.

ఆమె వంతు వచ్చింది. మంచం దిగకుండానే, "నీళ్లు తెండి, పొయ్యి రాజెయ్యండి" అంది. ఇద్దరూ మాలలు కడుతూనే ఉన్నారు.

"వినబడలేదా?"

"వినబడిందండీ. మీ వంతులో మేం వేలు పెట్టకూడదు కదా" అంది తిప్పక్క.

"మరి నేను చెప్పిన పని ఎవరు చేస్తారే?"

"ఇవాళ ఎవరి వంతో వాళ్లే."

మాలలు వేళకే రాణిగారికి చేరాయి. ఆకలి దళవాయి చుట్టాన్నీ వదలదు. మధ్యాహ్నానికి బావి దగ్గర్నుంచి కామసాని గొంతు మెత్తగా వినిపించింది: "తిప్పక్కా, ఈ కడవ కాస్త తలకెత్తమ్మా."

ఇది పెత్తనం కాదు, సాయం. తిప్పక్క నవ్వుకుంటూ లేచి వెళ్లింది.