పండితుడి చేతి పసుపు

ఒకానొక రాజ్యాన్ని ఏలే భానుకేతు మహారాజు తాను సాక్షాత్తు సూర్యుడి వంశంలో పుట్టానని చెప్పుకునేవాడు. ఆ సంగతి సూర్యుణ్ణి ఎవరూ అడగలేదు.

రథసప్తమికి ఆరుబయట కొలువు తీరాలని, తలపైన బంగారు రంగు చాందినీ మెరవాలని ఆయనకు ముచ్చట పుట్టింది. బట్టలకు రంగులద్దే నాంచారికి కబురు వెళ్ళింది.

"చిరివేరుతో ఎరుపు అద్దుతాను దేవరా, నీలిమందుతో నీలం అద్దుతాను. అవి ఎండకు నిలుస్తాయి. పసుపుకొమ్ముల రంగు నిలవదు," అంది నాంచారి.

"నిన్ను సలహా అడిగానా?" అన్నాడు రాజు.

అడగలేదు కనుక ఆమె పసుపే అద్దింది. పండుగకు వారం ముందే చాందినీ కట్టారు. పండుగనాటికి అది పాత పంచె రంగుకు దిగింది. దాని కింద దర్జాగా కూర్చున్న రాజును చూసి పొరుగుదేశాల రాయబారులు మీసాల చాటున నవ్వుకున్నారు.

మర్నాడు నాంచారిని సభకు రప్పించారు. ఆస్థాన పండితుడు విరూపాక్ష సోమయాజి లేచాడు.

"ఇందులో వింతేముంది ప్రభూ? పసుపు మంగళద్రవ్యం. ముట్టిందేమో విధవ. రంగు పారిపోక ఏం చేస్తుంది?"

తీర్పు కూడా తనే తాటాకు మీద రాసి తెచ్చాడు. రంగు బానలు పగలగొట్టాలి. నాంచారి ఊరు విడవాలి.

నాంచారికి ఉన్నవి నాలుగు బానలు. మొగుడు పోయిన ఏడేళ్ళుగా ఆమెకు అన్నం పెడుతున్నవి అవే. సోమయాజి భార్య కట్టే ఎర్రచీర కూడా వాటిలో మునిగి తేలిందే. ఆ రంగు మాత్రం ఎందుకు పారిపోలేదో ఆయన ఆలోచించలేదు.

"అలాగే స్వామీ. కానీ ఈసారి పవిత్రమైన చేత్తో పసుపు అద్ది చూపించండి. రంగు నిలిస్తే నా బానలు నేనే పగలగొట్టుకుంటాను," అంది నాంచారి.

"నేనే అద్దుతాను!" అన్నాడు సోమయాజి.

"సంతోషం. మీ తీర్పు తాటాకు ఆ గుడ్డ మీద నడుమన పరిచి కుట్టించండి. రేపు నేను గుడ్డ మార్చేశానని అనకుండా ఉంటారు."

పండితుడికి ఆ మాట నచ్చింది. తలస్నానం చేసి, మడి కట్టుకుని, మంత్రాలు చదువుతూ చేతులు మోచేతుల దాకా పసుపులో ముంచి గుడ్డకు రంగు అద్దాడు. తాటాకు కుట్టించి కోట మిద్దెమీద ఆరేయించాడు. చుట్టూ కాపలా పెట్టారు. నాంచారి ఆ ఛాయలకు పోలేదు.

అయిదోనాడు గుడ్డను సభలో పరిచారు. గుడ్డ వెలిసిపోయింది. దాన్ని చూసి పండితుడి ముఖమూ వెలిసింది.

"మంత్రంలో ఎక్కడో స్వరం తప్పి ఉంటుంది," అని గొణిగాడు.

"ఆ తాటాకు తీయించండి దేవరా," అంది నాంచారి.

దారం తెంపారు. తాటాకు కింద, సరిగ్గా దాని పొడవునా వెడల్పునా, పసుపు నిగనిగలాడుతోంది.

"ఎండ తగలని చోట రంగు ఉంది. తగిలిన చోట పోయింది. మీ చాందినీ రంగు తిన్నది నా చెయ్యి కాదు దేవరా, మీ వంశకర్త."

సోమయాజి మండిపడ్డాడు.

"రాజవంశాన్నే నిందిస్తావటే! ఎంత నిష్ఠగల వంశమో ఎరుగుదువా? ఈ రాణివాసపు స్త్రీలు ఎండ కన్నెరుగరు!"

"ఆ నియమం పసుపుకు పెట్టాల్సింది స్వామీ. పొరపాటున ఆడవాళ్ళకు పెట్టారు."

మొదటి నవ్వు తెర వెనక నుంచి వచ్చింది. అది పట్టపురాణిది. రాజు అటూ ఇటూ చూశాడు. నవ్వకపోతే తానూ సోమయాజీ ఇద్దరే మిగులుతామని తోచి, పగలబడి నవ్వాడు.

"ఏం కావాలో కోరుకో నాంచారీ!"

"ఏ రంగు నిలుస్తుందో ఈసారి నన్ను అడగండి."

రాజు అడిగాడు. అడిగినందుకు పోయిందేమీ లేదని తెలిసి, బానలు పెట్టుకోవడానికి ఏటి ఒడ్డున స్థలం కూడా ఇచ్చాడు.

మరుసటి రథసప్తమికి చిరివేరు ఎరుపుతో చాందినీ లేచింది. దాని కింద రాజు పక్కన పట్టపురాణి కూర్చుంది. పొద్దు వాలేదాకా ఏటవాలు ఎండ ఆమె ముఖం మీద పడుతూనే ఉంది.

ఆమె ఏమీ వెలిసిపోలేదు.