సంచీ కుర్రోడి నేస్తాలు

భీమిలి నుంచి బారువ దాకా సముద్రం ఒడ్డమ్మటే నడిచేస్తానని వీపుకి సంచీ తగిలించుకుని బయల్దేరిన నిశాంత్ అనే పట్నం కుర్రోడు ఒకడు ఉండేవాడు. ఎవరు ఒక ముద్ద పెడితే వాళ్లనల్లా 'నేస్తం' అనేయడం వాడి జబ్బు.

ఆ సంచీ ఎంతనుకున్నారు? వాడు కూర్చుంటే సంచీ నిలబడేది. వెనక నుంచి చూస్తే సంచీకే కాళ్లొచ్చి నడిచిపోతున్నట్టుండేది. మా పేట కుక్కలు వాణ్ణి చూసి మొరగలేదు, సంచీని చూసి మొరిగాయి. నవ్వకండర్రా! లచ్చయ్య తాత అబద్ధమాడడు. నా కత్తిని మింగేసిన సొరచేప నోట్లో మోచేతి దాకా చెయ్యి పెట్టి, కత్తి లాక్కుని, దానికొక మొట్టికాయ వేసి పంపినవాణ్ణి. నాకు అబద్ధంతో పనేటి?

మాది ఇసకలపేట. ఆ వేళ ఎండ చుర్రుమంటోంది. పడవ నీడలో కూర్చుని మా పేట గడ్డెయ్య చిరిగిన వల కుట్టుకుంటున్నాడు. నేను పక్కన కూర్చుని వాడికి సలహాలిస్తున్నాను. అప్పుడు వచ్చాడు సంచీ కుర్రోడు.

"బ్రో, కొంచెం నీళ్లిస్తారా?" అన్నాడు.

"బ్రో అంటే ఏటి మావా?" అని గడ్డెయ్య నా చెవిలో అడిగాడు.

"దాహమేస్తోందని. ఇంగిలీసులో అలాగే అంటారు" అన్నాను. నాకు తెలీని ఇంగిలీసు ఏటుంది?

గడ్డెయ్య పెళ్లాం పోలమ్మ నీళ్లిచ్చింది. నీళ్లతో ఊరుకుందా, వేడన్నంలో చేపల పులుసు పోసి పెట్టింది. కుర్రోడికి ముల్లు తీసుకోవడం రాదు. గడ్డెయ్య తల్లి నూకమ్మ, పండు ముసల్ది, కళ్లు సరిగా ఆనవు. అయినా పక్కన చతికిలబడి, వేళ్లతో తడిమి తడిమి ముల్లు తీసి, ఒక్కో ముక్కా వాడి కంచంలో వేసింది. "తిను నాయనా, ఇందులో ముల్లు లేదు" అంటూ.

వాడు కంచం నాకేసి, మూతి తుడుచుకుని, గడ్డెయ్య భుజం మీద చెయ్యేసి, "ఇవాళ్టి నుంచి నువ్వు నా నేస్తం!" అన్నాడు.

గడ్డెయ్య చేతిలో సూది ఆగిపోయింది.

ఇక్కడ మీకొక సంగతి చెప్పాలి. మీ బళ్లో నేస్తమంటే పక్క బెంచీవాడు. మా ఒడ్డున అలా కాదు. మా ఒడ్డున నేస్తాన్ని కడతారు. గంగమ్మ ఎదురుగా ఇద్దరూ కొత్త తువ్వాళ్లు మార్చుకుంటారు. ఒకే బెల్లం ముక్క చెరి సగం కొరుకుతారు. ఆ పైన వాడి అమ్మ వీడికీ అమ్మే. ఆ అమ్మ పోయిననాడు నేస్తం కొత్త కోక తెచ్చి కప్పాలి, పాడెకి రెండో భుజం పట్టాలి. నేస్తం రాందే పాడె లేవదు. మనిషికి ఒక్కడే నేస్తం. ఇద్దరు పెళ్లాలున్నవాణ్ణి చూశాను గానీ, ఇద్దరు నేస్తాలున్నవాణ్ణి నా బతుకులో చూడలేదు.

"బాబూ, ఆ మాట ఊరికే అనీకూడదు" అన్నాడు గడ్డెయ్య. "నిజంగా కడతావేటి?"

"కట్టేద్దాం! సూపర్ కదా! వీడియో తీసుకోవచ్చా?" అన్నాడు కుర్రోడు.

"ఒరే గడ్డిగా, తొందరపడకు" అన్నాను నేను.

అప్పుడు నూకమ్మ నా చెయ్యి పట్టుకుంది. "లచ్చయ్యా, నాకు ఒక్కడే కొడుకు. రెండో భుజం ఎవడు పడతాడా అని ఎన్నాళ్లుగానో బెంగ. గంగమ్మే పంపినట్టుంది. అడ్డుపడకు" అంది.

ఇంకేమంటాను? కుర్రోణ్ణి కూర్చోబెట్టి కోక సంగతీ, పాడె సంగతీ, అన్నీ విడమరిచి చెప్పాను. వాడు అన్నిటికీ తలూపాడు. ఓకే ఓకే అన్నాడు. తువ్వాళ్లు రెండూ పోలమ్మే కొంది. బెల్లం కొరికారు. నూకమ్మ ఇద్దరి తలలూ ఒడిలోకి లాక్కుని నిమిరింది. వాడు అది కూడా వీడియో తీసుకున్నాడు. తన ఫోను నంబరు గడ్డెయ్యకిచ్చి, కొత్త తువ్వాలు మెడలో వేసుకుని, మర్నాడు పొద్దున్నే వెళ్లిపోయాడు.

వాడటు వెళ్లిన వారంలోపే నూకమ్మ పోయింది. తెల్లారి లేపితే లేవలేదు. నిద్రలోనే వెళ్లిపోయింది, ఎవరినీ కష్టపెట్టకుండా.

గడ్డెయ్య ఫోను చేశాడు. ఎవరో ఆడమనిషి తీసి, మీరు పిలిచినవాడు అందుబాటులో లేడంది. మళ్లీ చేశాడు. అదే ఆడమనిషి. అదే మాట.

ఎండెక్కుతోంది. పాడె కట్టి వాకిట్లో పెట్టారు. చుట్టాలు గొణగడం మొదలెట్టారు. "పట్నపోడు వస్తాడేటి? ఎండకి శవం ఉంటాదేటి? లేపీయండి" అన్నారు.

"మా నేస్తం వస్తాడు" అన్నాడు గడ్డెయ్య. "ఆడు రాకండా మా అమ్మని లేపితే, అమ్మకి నేను మాట తప్పినట్టే. లచ్చయ్య మావా, నువ్వెళ్లి తీసుకురా."

ఆ కళ్లు చూస్తే ఎవడికైనా కాళ్లొస్తాయి. పరిగెత్తాను. ఎలా పరిగెత్తాననుకున్నారు? నా నీడ నన్నందుకోలేక దారిలో పీతల బొరియ దగ్గర కూలబడింది. ఒడ్డున ఎండ్రకాయలు నన్ను చూసి, మేం ఇన్నాళ్లూ పరిగెత్తింది పరుగే కాదని సిగ్గుపడ్డాయి.

కొత్తరేవు చేరాను. కొర్లమ్మ ఎండు చేపలు తిరగేస్తోంది. మా గడ్డెయ్యకి వరసకి చుట్టమూ కాదు, ఏమీ కాదు.

"అమ్మా, వీపున సంచీ వేసుకున్న కుర్రోణ్ణి చూశావా?" అని అడిగాను.

"చూడకపోవడమేటి బాబయ్యా! మా ఇంటాయనకి నేస్తం కట్టాడు కదా!" అంది మురిసిపోతూ. "ఇదిగో తువ్వాలు!"

"ఏటీ?" అన్నాను. "ఆడు మా గడ్డెయ్యకి నేస్తం. బెల్లం కొరికింది నా ఎదురుగానే!"

కొర్లమ్మ మొహం వాడిపోయింది. "బాబయ్యా, నేను వాడికి నా మొగుడికి పెట్టే ముక్క తీసి పెట్టాను" అంది. అంతే అంది.

నేను ఆగలేదు. తర్వాత దిబ్బలపాలెం. అక్కడ దానేలు పడవకి తారు రాస్తున్నాడు. వాడి మెడలోనూ కొత్త తువ్వాలు! అడిగితే అదే కథ. వాడి ఇంట్లో సంచీ కుర్రోడు రెండు రాత్రులు పడుకున్నాడట. నా ఒళ్లెలా మండిందంటే, ఆ వేళ నా వీపు మీద చేప పెడితే రెండు వైపులా వేగిపోయేది. దానేలుకి సంగతి చెప్పి ఇంకా ముందుకి పరిగెత్తాను.

సరుగుడు తోటలో దొరికాడు దొర. చాప మీద కూర్చున్నాడు. ముందర పీతల వేపుడు. ఎదురుగా కల్లు తీసే మనిషొకడు, పాపం, చేతిలో కొత్త తువ్వాలు పట్టుకుని సిద్ధంగా ఉన్నాడు. మనవాడి నోటి దగ్గర బెల్లం ముక్క!

"ఆపు!" అని అరిచాను. సరుగుడు చెట్ల మీది కాకులన్నీ లేచి ఒడిశా దాకా ఎగిరిపోయాయి.

"అరే అంకుల్! మీరా! రండి, పీత తినండి" అన్నాడు వాడు నవ్వుతూ.

"బాబూ, నూకమ్మ పోయింది. మీ అమ్మ పోయింది. పాడె వాకిట్లో ఉంది. నీ కోసం ఆపారు. లే."

వాడు మొహం అదోలా పెట్టి, "అయ్యో, సో శాడ్. ఆర్ ఐ పీ" అన్నాడు.

ఆర్ఐ అంటే నాకు తెలుసు. మా మండలాఫీసులో ఉంటాడు, పొలాలు కొలుస్తాడు. "ఆర్ఐ ఎందుకు బాబూ ఇప్పుడు? శవానికి కొలతలేటి? నువ్వు రా చాలు" అన్నాను.

వాడు పకపకా నవ్వాడు. నవ్వాడర్రా! "అది కాదంకుల్. నేను రేపటికి బారువ దగ్గరికి వెళ్లాలి. వెనక్కి వస్తే ప్లాన్ అంతా పాడవుతుంది. గడ్డెయ్యకి మెసేజ్ పెడతాలెండి."

"మెసేజీ పాడె మోస్తాదేటి?"

"అంకుల్, మీరు మరీ సీరియస్‌గా తీసుకుంటున్నారు. నేస్తం అంటే ఫ్రెండే కదా. నాకు ఫోన్లో వేల మంది ఫ్రెండ్స్ ఉన్నారు. అందరి అమ్మల కోసం వెళ్లాలంటే ఎలా?"

"వాళ్ల అమ్మలు నీకు ముల్లు తీసి పెట్టారా?" అన్నాను.

వాడు పీత డొప్ప కేసి చూశాడు. లేవలేదు.

కల్లు తీసే మనిషి లేచాడు. తన తువ్వాలు మడిచి చంకలో పెట్టుకున్నాడు. పీతల పళ్లెం కూడా పట్టుకుపోయాడు. మంచి పని చేశాడు. నేనైతే ఆ పళ్లెం వాడి నెత్తిన బోర్లించేవాణ్ణి. కానీ ఇంటి దగ్గర శవం ఉంది, నాకు టైము లేదు.

వెనక్కి తిరిగాను. ఈసారి పరుగు రాలేదు. వట్టి చేతులతో గడ్డెయ్య మొహం ఎలా చూడాలి? ఏం చెప్పాలి? సముద్రాన్ని కాలితో తంతూ నడిచాను. దానేలు పడవ దగ్గర లేడు. ఎక్కడికెళ్లాడో పట్టించుకునే ఓపిక నాకు లేదు.

కొత్తరేవులో కొర్లమ్మ దారికి అడ్డం నిలబడి ఉంది. పక్కన ఆమె మొగుడు ఎర్రన్న, వాళ్ల పక్కన దానేలు, తారు చేతులతోనే.

"రాడేటి?" అంది కొర్లమ్మ.

"రాడు."

ఆవిడ పొయ్యిలో నిప్పులా అయిపోయింది. ఊరంతా వినబడేలా అంది: "ఆడు రాకపోతే మానె! బాబయ్యా, ఆడు మా ఇంటాయనకి నేస్తం కట్టాడా లేదా? మీ గడ్డెయ్యకీ కట్టాడా లేదా? ఆడు దొంగ. మేం కాదు. మేం కొరికిన బెల్లం నిజం బెల్లమే. నేస్తానికి అమ్మయితే మాకూ అమ్మే. పద!" అని లోపలికెళ్లి, పండక్కని దాచుకున్న చిలకాకుపచ్చ కోక తెచ్చింది. మడత కూడా విప్పనిది.

దానేలు చంకలోనూ ఒక కోక ఉంది. అప్పుడు చూశాను.

మేం ఇసకలపేట చేరేసరికి ఎండ నడినెత్తి దాటింది. గడ్డెయ్య పాడె పక్కన నిలబడి ఒడ్డు కేసే చూస్తున్నాడు. దూరాన్నుంచి మమ్మల్ని చూసి, సంచీ కోసం వెతికాడు. సంచీ లేదు. వాడు పాడె పక్కనే చతికిలబడ్డాడు.

ఎర్రన్న గబగబా వెళ్లి వాడి చంక కింద చెయ్యేసి నిలబెట్టాడు. "నేను కొత్తరేవు ఎర్రన్నని. నీ నేస్తం నాకూ నేస్తమే అన్నాడు. ఆడు రాడు. అమ్మకి నేనున్నాను" అన్నాడు.

"నేనూ" అన్నాడు దానేలు.

గడ్డెయ్య ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. గొణిగిన చుట్టాలు పక్కకి జరిగి దారిచ్చారు. కొర్లమ్మ కోక కప్పింది. దానేలు కోక దాని మీద కప్పారు. పోలమ్మ అప్పుడు ఏడ్చింది, అప్పటిదాకా ఆపుకున్నదంతా. పాడె లేచింది. ఎర్రన్న రెండో భుజం, దానేలు మూడో భుజం. నాలుగోది నేనే. నిజం చెప్తున్నాను, ఇందులో గొప్ప ఏమీ కలపడం లేదు: నూకమ్మ అంత తేలిగ్గా ఉంటుందని నేననుకోలేదు.

ఇక మన దొర సంగతి. మర్నాడు ఏరు సముద్రంలో కలిసే చోటికి, మొగ దగ్గరికి చేరాడు. అక్కడ పడవెక్కి దాటాలి. కబురు వాడికంటే ముందే వెళ్లింది. చేపల గంపలెత్తుకుని సంతకెళ్లే ఆడవాళ్లు మోసిన కబురు ఏ ఫోనుకి అందుతుంది? నేనే ఆ పడవవాణ్ణయితే నడి మొగలో తిరగేసేవాణ్ణి. ఆ పడవవాడు నాలాంటోడు కాదు. అతనే నాకు తర్వాత చెప్పాడు.

"రండి సార్. ఎక్కండి సార్" అన్నాడట మర్యాదగా.

"సార్ ఏంటి భయ్యా! నేస్తం అను" అన్నాడట మనవాడు.

"మాకు నేస్తాలున్నారు సార్. మధ్యలో కూచోండి, పడవ ఒరుగుతాది."

కొంత దూరం వెళ్లాక మనవాడు మెల్లిగా అడిగాడట, "ఇసకలపేటలో ఒక ముసలావిడ... ఏమైంది?" అని.

"పంపించీసాం సార్. కొడుకులు ముగ్గురూ మోశారు."

"ఆవిడకి ఒక్కడే కొడుకు కదా?"

"ఒకప్పుడు సార్" అన్నాడు పడవవాడు.

అక్కణ్ణుంచి బారువ దాకా వాడికి ఎవరూ నీళ్లు లేవనలేదు. అడిగితే అన్నం కూడా పెట్టారు. కానీ ప్రతి పేటలోనూ కంచం గుమ్మం బయటే పెట్టి, "తినండి సార్" అన్నారు. పక్కన ఎవరూ కూర్చోలేదు. పేరు అడిగినవాడు లేడు. అంత ఎండలో, అంత ఒడ్డున, అంత పెద్ద సంచీతో, వాడు ఒక్కడే నడుచుకుంటూ పోయాడు.

గడ్డెయ్య, ఎర్రన్న, దానేలు మాత్రం ఇవాళ్టికీ ఒకళ్ల ఇంట్లో చావైనా పెళ్లైనా ముగ్గురూ ఉంటారు. మా ఒడ్డున ముగ్గురు నేస్తాలు ఉండటం అదే మొదలు.

ఒరే పిల్లలూ, ఈ తాత సొరచేప మాట నమ్మకపోయినా ఫరవాలేదు, ఈ ఒక్క మాట నమ్మండి: నేస్తం అని నోటితో పిలవడం ఎవడికైనా వస్తుంది, వాళ్ల కష్టానికి లేచి వెళ్లలేనివాడు ఆ మాట అనకూడదు, వెళ్లినవాడు అనక్కర్లేకుండానే నేస్తం అవుతాడు.