నూకాలు ఆపిన డప్పు

‘అనగనగా’ అనే మాటకు ఇంకా పాలపళ్లు కూడా రాని కాలంలో, సముద్రం నడుమ మడదీవి అని ఒక దీవి ఉండేది. అక్కడివాళ్లంతా తాతల నాడు పెద్దకోట నుంచి ఓడలెక్కి వచ్చినవాళ్లే. మడచెట్లు నరికారు, కట్టలు పోశారు, ఉప్పునేలను వరిమళ్లు చేశారు. ఏలే రాజు మాత్రం పెద్దకోటలోనే ఉన్నాడు. ఏ మాటైనా అక్కణ్ణుంచి రావాలి. పోను నలభై రోజులు, రాను నలభై రోజులు.

ఆ దీవిలో డప్పు కొట్టే నూకాలు ఉండేది. మొగుడు పోయాక ఆ పని ఆమెకొచ్చింది. రాజాజ్ఞ డప్పు మీద చాటితేనే చెల్లుతుంది. డప్పు కొట్టేవాళ్ల పేరు కూడా పెద్దకోటలోనే రాయాలి. మొగుడి పేరు కొట్టేసి నూకాలు పేరు రాయడానికి పోను నలభై, రాను నలభై. ఆ ఎనభై రోజులూ తప్పిపోయిన మేకను చాటించే దిక్కు కూడా లేకపోయింది.

మొదటి ఏడు ఒక ఆజ్ఞ వచ్చింది. గట్టు తగాదాకైనా పెద్దకోటకే వచ్చి తీర్పు చెప్పించుకోవాలట. నూకాలు చాటింది. చాటి, దీవి కోటలో ఉండే రాజుగారి అధికారిని అడిగింది.

“దొరా, దీని గురించి మమ్మల్ని ఎవరైనా అడిగారా?”

“డప్పు కొట్టేదానివి, నీకెందుకే?”

రెండో ఏడు ఇంకొకటి. అధికారి చూపిన ఇళ్లల్లో సిపాయిలకు కూడూ పడకా పెట్టాలట. నూకాలు చాటింది.

“దొరా, మమ్మల్ని ఎవరైనా అడిగారా?”

“నోరు నీది, మాట రాజుది. వెళ్లు.”

నూకాలు ఇంటికొచ్చిన సిపాయి ముగ్గురి కూడు తినేవాడు. పైగా పులుసులో ఉప్పెక్కువైందని వంక.

మూడో ఏడు ఆషాఢం మొదట్లో మూడోది వచ్చింది. రాజ్యమంతా ఆషాఢ పున్నమి నాడే విత్తాలట. విత్తని గింజ కోటకు జప్తు. పెద్దకోటలో ఆషాఢానికి వానలు. మడదీవిలో భాద్రపదం వస్తేగాని చినుకు రాలదు. పొడినేలలో చల్లితే గింజ పిట్టలపాలు. మళ్లీ చల్లడానికి గింజ ఉండదు. దీవి దీవంతా పస్తే.

చాటకముందే నూకాలు చెప్పగా విని, పెద్దకాపు గవరయ్య తల పట్టుకున్నాడు. “రాజుగారికి విన్నపం రాద్దాం. ఆయనకు మన వాన సంగతి తెలీదేమో.”

“పోను నలభై, రాను నలభై. పున్నమి ఎన్నాళ్లుంది కాపుగారూ?” అంది నూకాలు.

“పది రోజులు.”

“అయితే జవాబు మన దినాలకు అందుతుంది.”

సంతలో జనం పోగయ్యారు. నూకాలు డప్పు మీద ఒక్క దెబ్బ వేసి ఆగిపోయింది.

“చెప్పవేం?” అన్నాడు అధికారి.

“రెండుసార్లు చాటి అడిగాను దొరా. ఈసారి మీరు మమ్మల్ని అడిగాకే చాటుతాను.” పుల్లలు కింద పెట్టింది.

“ఇంకెవరైనా కొట్టండి.”

గవరయ్య దగ్గాడు. “ఎలా కొడతాం దొరా? పేరు రాసి రావాలి కదా. మీ కట్టుబాటే.”

అధికారి నూకాలును కోటలో బంధించి, కొత్త పేరు కోసం ఓడ పంపాడు. పోను నలభై, రాను నలభై.

అరవయ్యో రోజున కోట కప్పు మీద చినుకులు పడ్డాయి. నూకాలు గోడకు చెవి ఆనించింది. ఎడ్లను అదిలించే కేకలు వినిపించాయి. కూర్చుని కరువుతీరా ఏడ్చింది. ఆ పూట కూడు తెచ్చినవాడు ఆమె ఇంటి సిపాయే. “ఉప్పు సరిపోయిందా అక్కా?” అని అడిగాడు.

ఎనభయ్యో రోజున కొత్త డప్పువాడు ఓడ దిగాడు. జానెడెత్తు పచ్చటి పైరు పక్కన నిలబడి, ఆషాఢ పున్నమికి విత్తాలహో అని చాటాడు. ముందు ఒక ముసలమ్మ నవ్వింది. తర్వాత దీవంతా నవ్వింది. నవ్వుతూనే జనం కోట తలుపు దాకా నడిచారు.

“మా వాన మాకు తెలుసు, మా తగాదా మాకు తెలుసు,” అన్నాడు గవరయ్య. “మమ్మల్ని అడగని మాట ఇక మాకు ఆజ్ఞ కాదు.”

సిపాయిలు ఇరవైమంది, జనం రెండు వేలు. అధికారికి లెక్క వచ్చు. నూకాలును వదిలి ఓడెక్కాడు. సిపాయిలు మాత్రం పంతొమ్మిదిమందే ఎక్కారు.

మర్నాడు గవరయ్యా, పదిమంది కాపులూ కూర్చుని తమ మొదటి ఆజ్ఞ రాశారు. కట్ట పనికి ఇంటికొకరు రావాలి. నూకాలును పిలిచారు. ఆమె ఒక్క దెబ్బ వేసి ఆగింది.

“ఇదేంటే నూకాలూ? ఇది మన మాటే కదా.”

“జాలరిపేటలో అడిగారా? కుమ్మరివీధిలో అడిగారా? మా పేటలో అడిగారా?”

“అందరినీ అడుగుతూ కూర్చుంటే ఎన్నాళ్లు పడుతుందే?” అన్నాడు గవరయ్య.

“పెద్దకోట నుంచి రావాలంటే నలభై రోజులు కాపుగారూ. మీ అరుగు నుంచి మా పేటకు నలభై అడుగులు.”

గవరయ్య కండువా భుజాన వేసుకుని నడిచాడు. వేట రోజుల్లో కుదరదన్నారు జాలర్లు. ఆజ్ఞ మార్చారు. పొద్దు వాలే వేళకు నూకాలు రెండో దెబ్బ వేసింది.

నూకాలు పండుముసలిదై కన్నుమూసింది. మడదీవిలో ఇప్పటికీ డప్పువాడు ఒక దెబ్బ వేసి ఆగుతాడు. జనంలోంచి ఎవరో ఒకరు “అడిగారు” అనాలి. ఎవరూ అనకపోతే డప్పు చంకన పెట్టుకుని ఇంటికి పోతాడు. ఇళ్లల్లోనూ అంతే. పెళ్లిమాటలు జోరుగా సాగుతున్నప్పుడు పిల్ల వచ్చి, వేలితో పళ్లెం మీద ఒక్కసారి కొడుతుంది. పెద్దవాళ్లంతా మాట ఆపి ఆమె వైపు తిరుగుతారు.