అమ్మ పంటి చారలు

ఒకప్పుడు, ఒక ముసురు రోజున, మధ్యాహ్నం దాటిన వేళ. వాన వెలిసింది. మబ్బు మాత్రం విడవలేదు. వరిచేల మధ్య గట్టు తెగి రెండు కుంటలూ ఒకటైపోయాయి.

ఈ పక్క కుంటలో కొర్రమ్మ ఉండేది. కొర్రమీను. ఆ పక్క కుంటలో మట్టమ్మ. మట్టగిడస. అప్పట్లో కొర్రమీనుకు చారలు లేవు, మట్టగిడసకు చుక్కలు లేవు. ఇద్దరిదీ ఒకే నలుపు, ఒకే నునుపు, పాము తలలాంటి తల. పిల్లలైతే మరీను. అందరూ చిటికెనవేలంతే. అందరూ ఎర్రగానే.

వాళ్లలో ఒక పద్ధతి ఉంది. పిల్లలు పైన ఈదుతుంటే తల్లి కింద కాపలా కాస్తుంది. పరాయి పిల్ల గుంపులోకి వస్తే మింగేస్తుంది. దాన్నెవరూ తప్పనుకోరు.

ఆ రోజు కొర్రమ్మకు కాలు నిలవలేదు. చేపకు కాళ్లెక్కడివి అంటారా? తోక నిలవలేదు. నీళ్లన్నీ బురద. గట్టు మీద కొంగ. పిల్లల్ని లెక్కపెట్టింది. మళ్లీ లెక్కపెట్టింది.

ఇరవై రెండు.

తన పిల్లలు ఇరవై ఒక్కరే.

"ఎవడ్రా పరాయివాడు?"

ఎవరూ పలకలేదు. గుంపు చివర ఒకడు వెనకబడి తచ్చాడుతున్నాడు. వీడే! కొర్రమ్మ ఒక్క ఊపున వెళ్లి నోట కరుచుకుంది.

నోట్లోంచి గొంతు వినిపించింది. "అమ్మా, నేనే. బుడ్డోణ్ణి. నత్తను చూస్తూ ఆగిపోయా."

కొర్రమ్మ నోరు తెరిచింది. బుడ్డోడు బయటపడ్డాడు. వాడి రెండు పక్కలా ఏటవాలుగా పంటిగాట్లు. చూస్తుండగానే నల్లబడ్డాయి.

కొర్రమ్మ వాణ్ణి మూతితో మెల్లగా గుంపులోకి నెట్టింది.

"లోపల ఏముందిరా?" అన్నాడు పెద్దోడు.

"చీకటి. కావాలంటే నువ్వూ వెళ్లి చూడు."

అంతలో మట్టమ్మ వచ్చింది, నీళ్లు చీల్చుకుంటూ. "అక్కా! మావాడొకడు కనపడ్డం లేదు. ఇటొచ్చాడా?" కొర్రమ్మ మూతివంకే చూసింది. "మింగేశావా?"

"లేదే."

"ఒట్టు?"

"మింగబోయాను. నావాణ్ణే."

మట్టమ్మ బుడ్డోడి ఒంటి మీద గాట్లు చూసింది. "అయితే మావాడు వీళ్లలోనే ఉన్నాడు."

"ఉన్నాడు. ఎవడో తెలీదు."

మట్టమ్మ ఒక్కొక్కరి మొహంలోకీ చూసింది. ఆమెకూ తెలియలేదు. "కన్నా, పలకరా," అంది. వాడెలా పలుకుతాడు? పలికితే పరాయివాడని తెలిసిపోతుంది. తెలిస్తే మింగేస్తారు.

గండి దగ్గర నీరు తీస్తోంది. ఇంకాసేపుంటే దారి మూసుకుపోతుంది. కొంగ ఒక అడుగు ముందుకేసింది.

కొర్రమ్మ నోరు బార్లా తెరిచింది. "నా పిల్లలంతా ఒక్కొక్కరే ఇందులోకి రండి. బుడ్డోడికి పడ్డ గాట్లే మీకూ పెడతాను."

ఒక్కడూ కదల్లేదు. ఇప్పుడేగా చూశారు!

"కాస్త మండుతుంది, అంతే," అన్నాడు బుడ్డోడు. "అమ్మ వదిలేస్తుందిలే."

పెద్దోడు కళ్లు గట్టిగా మూసుకుని వచ్చాడు. కొర్రమ్మ మెల్లగా కరిచింది. వదిలింది. తర్వాత ఇంకొకడు. ఆ తర్వాత అక్కచెల్లెళ్లు ముగ్గురూ తోసుకుంటూ వచ్చారు. కొర్రమ్మ అందరినీ కరిచింది, అందరినీ వదిలింది.

చివరికి ఒక్కడు మిగిలాడు. తామరాకు కిందికి దూరి, బయటికి రానంటున్నాడు.

"అదుగో మట్టమ్మా, నీవాడు. తీసుకుపో, త్వరగా."

మట్టమ్మ వాణ్ణి ముందు పెట్టుకుని గండి దాటింది. అవతలి నుంచి అరిచింది. "మావాళ్లకూ గుర్తు పెడతానక్కా! పళ్లతో మాత్రం నావల్ల కాదు."

మూతిని నల్లబురదలో ముంచి, పిల్లల ఒంటినిండా చుక్కలు అద్దింది.

అప్పటినుంచే కొర్రమీనుకు రెండు పక్కలా ఏటవాలు చారలు, మట్టగిడసకు ఒంటినిండా నల్లచుక్కలు. అప్పటినుంచే కొర్రమీను ఉండుండి నీటిపైకొచ్చి నోరు తెరుస్తుంది. లోపల ఎవరి పిల్లలూ లేరు, చూసుకోండని.

ఆ రోజు పొద్దు వాలేదాకా కొర్రమ్మ పైకీ కిందికీ తిరుగుతూనే ఉంది. చారలు చూసి లెక్కపెట్టింది. పద్దెనిమిది. పంతొమ్మిది. ఇరవై.

ఇరవై...

"ఇక్కడే ఉన్నానమ్మా," అన్నాడు బుడ్డోడు, నత్త పక్కనుంచి.

ఇరవై ఒకటి.