ఉక్కుపిడుగు పదకొండో కథ

కళ్లు మూసుకుంటే చాలు, తవిటినాయుడికి ఉక్కుపిడుగు కనిపించేవాడు.

ఉక్కుపిడుగు దేవుడూ కాదు, ఋషీ కాదు. చిన్నప్పుడు వీడియో కేసెట్‌లో చూసిన కార్టూన్ వీరుడు. నీలం బనియను, ఎర్ర నడుంపట్టీ, ఎగిరితే వెనకాల పొగ. ఏడేసి నిమిషాల కథలు, మొత్తం పదిహేడు. ఆశ్రమానికి వచ్చి నాలుగేళ్లయినా ధ్యానంలో అతని మనసు చేసే పని ఒక్కటే, ఆ పదిహేడింటికీ వరస కట్టడం. రైలును ఆపిన కథను మొదట పెడతాడు. కాసేపటికి, కాదు, పగిలిన ఆనకట్టకు వీపు ఆన్చి నిలబడ్డ కథే గొప్పదనిపిస్తుంది. దాన్ని పైకి తెస్తే తేలు కథ కిందికి పోతుంది. అది పోవడం అన్యాయం కదా అని మళ్లీ మొదలు. గంట మోగేసరికి ఒళ్లంతా చెమట.

ముక్తి కోసం వచ్చినవాడికి ఇదేం ఖర్మ అని మీకు అనిపించవచ్చు. అతనికీ అదే అనిపించింది. తెల్లారితే దీక్ష. కాషాయం ఉతికి ఆరేశారు. దీక్ష చూడటానికి అన్న సన్యాసినాయుడు బొబ్బిలి నుంచి వస్తున్నానని కబురు పెట్టాడు. ఆ ఇంట్లో సన్యాసి అనే పేరు పెద్దవాడికి పెడితే, సన్యాసం చిన్నవాడికి పట్టింది. ఆ కబురు అందినప్పటి నుంచి జాబితా మరీ రెచ్చిపోయింది. అన్నం తింటున్నా అదే, నీళ్లు తోడుతున్నా అదే.

మధ్యాహ్నం ఇక ఉండబట్టలేక పెద్దస్వామి దగ్గరికి వెళ్లాడు. ఆయన వరండాలో కూర్చుని చింతపండులో గింజలు తీస్తున్నారు.

"స్వామీ, నేను దీక్షకు పనికిరాను. వెళ్లిపోతాను."

"ఏమైంది?"

సిగ్గుపడుతూనే అంతా చెప్పాడు. స్వామి నవ్వుతారేమో, లేకపోతే తిడతారేమో అనుకున్నాడు. ఆయన రెండూ చేయలేదు. పక్కనున్న గింజల్లోంచి పదిహేడు లెక్కపెట్టి ఎడమ అరచేతిలో పోసుకున్నారు.

"ఒక్కో కథా చెప్పు. నీకు నచ్చిన వరసలోనే."

తవిటినాయుడు మొదట నసిగాడు. రెండో కథకు గొంతు పెరిగింది. రైలు దగ్గరికి వచ్చేసరికి లేచి నిలబడి, రెండు చేతులూ చాపి, పళ్లు బిగబట్టి చూపించాడు. ఒక్కో కథ అవుతుంటే స్వామి ఒక్కో గింజ నేల మీద పెడుతున్నారు. మధ్యలో, "ఉండండి స్వామీ, అది నాలుగోది, ఇది మూడోది," అంటే మారుమాట లేకుండా గింజలు మార్చి పెట్టారు. తేలు కథ దగ్గర మాత్రం చేయి ఆపి, "ఆ తేలు చచ్చిందా, పారిపోయిందా?" అని అడిగారు.

"పారిపోయింది స్వామీ."

"పోనీలే," అని గింజ పెట్టారు.

చెప్పీ చెప్పీ తవిటినాయుడికి గొంతు ఎండిపోయింది. "అంతే స్వామీ," అని కూలబడ్డాడు.

స్వామి అరచేయి చాపారు. అందులో ఒక గింజ మిగిలి ఉంది.

"ఇదేది?"

"అదా... కేసెట్‌లో పదకొండోది. అది బాగుండదు స్వామీ. అందులో ఒక్క ఫైటింగూ లేదు."

"బాగుంటుందా అని నేను అడగలేదు."

తవిటినాయుడు నేల చూపులు చూశాడు. ఆ చేయి మాత్రం అలాగే చాపి ఉంది. తల ఎత్తకుండానే చెప్పడం మొదలుపెట్టాడు.

వాళ్ల నాన్న వీడియో కేసెట్లు అద్దెకిచ్చే కొట్టు నడిపేవాడు. ఆదివారం మధ్యాహ్నం కొట్టు కట్టేశాక అన్నదమ్ములిద్దరూ ఉక్కుపిడుగు చూసి, పాత క్యాలెండరు కాగితం వెనక ఎవరి వరస వాళ్లు రాసేవారు. అన్న ఎప్పుడూ పదకొండో కథనే మొదట రాసేవాడు. ఎందుకని అడిగితే నవ్వి ఊరుకునేవాడు. తమ్ముడికి ఒళ్లు మండేది. ఆ కథ వచ్చినప్పుడల్లా మంచినీళ్ల వంకతో లేచిపోయేవాడు.

ఒకరోజు చేయకూడని పని చేశాడు. ఎవరూ చెరపకుండా కేసెట్ అంచున ఒక కన్నం ఉంటుంది. దాని మీద ప్లాస్టరు ముక్క అంటించి, సరిగ్గా ఆ కథ దగ్గర రికార్డు మీట నొక్కాడు. ఆ సమయానికి టీవీలో ఏదొస్తే అది ఎక్కింది. ఉక్కుపిడుగు ఉండాల్సిన చోట ఏడు నిమిషాలపాటు వరిలో అగ్గితెగులు నివారణ వచ్చింది.

కేసెట్ తీసుకెళ్లినవాళ్లు తిరిగొచ్చి అడిగారు. వీసీఆర్ మిషను ముట్టుకునేది పెద్దవాడే కాబట్టి నాన్న బెల్టు తీసి పెద్దవాణ్నే కొట్టాడు, నలుగురూ చూస్తుండగా. చిన్నవాడు తలుపు వెనక నిలబడి చూశాడు. పెదవి కదపలేదు. ఆ రోజు నుంచి అన్న జాబితా రాయడం మానేశాడు.

"అన్నకు చెప్పావా?"

"లేదు స్వామీ. చిన్నపిల్లల గొడవ కదా. పాతికేళ్లయింది."

స్వామి మళ్లీ చింతపండు అందుకున్నారు. "దీక్ష ఎనిమిదింటికి. బొబ్బిలి బస్సు ఏడింటికి వస్తుంది," అన్నారు.

పొద్దున్న సన్యాసినాయుడు అరటిపళ్ల అత్తంతో, కొత్త తువ్వాలుతో మెట్లెక్కి వచ్చాడు. తమ్ముడు ఎదురెళ్లాడు. కుశలమైనా అడగకుండా గబగబా చెప్పేశాడు.

"అన్నియ్యా, ఆ కేసెట్టు సెరిపీసింది నాను."

"ఏ కేసెట్టు?"

"ఉక్కుపిడుగు. పదకొండోది."

సినిమాల్లో అయితే అన్న "నాకు ముందే తెలుసురా" అని కౌగిలించుకునేవాడు. సన్యాసినాయుడికి ఏమీ తెలియదు. అరటిపళ్లు మెట్టు మీద పెట్టేశాడు. మొహం కందగడ్డలా అయింది.

"నువ్వా?"

తమ్ముడు తలూపాడు.

"నాన్న బెల్టు నాను ఎప్పుడో మర్సిపోనాన్రా. ఆ కత మల్లీ ఎక్కడా దొరకనేదు. టీవీలు బాగుసెయ్యడానికి ఎవులింటికెల్లినా ముందు అటక మీద పాత కేసెట్లున్నాయా అని అడుగుతాను. నవ్వుతారు నన్ను సూసి. ఇప్పుడు సగం గుర్తు కూడా నేదు నాకు."

అటు తిరిగాడు. లోపల శంఖం ఊదారు. తవిటినాయుడు కదల్లేదు. శంఖం రెండోసారి కూడా మోగింది.

పెద్దస్వామి బయటికి వచ్చారు. ఇద్దరినీ చూశారు. మళ్లీ లోపలికి వెళ్లి, ధ్యానమందిరంలోంచి తవిటినాయుడి చాప తెచ్చి, అన్న కాళ్ల ముందు వరండాలో పరిచారు.

"దీక్ష రేపైనా అవుతుంది," అన్నారు సన్యాసినాయుడితో. "పదకొండో కథ వీడు ఇంకా వినలేదు."

తవిటినాయుడు వెళ్లి చాప మీద కూర్చున్నాడు. అన్న ఎంతకీ ఇటు తిరగలేదు. తమ్ముడు లేవలేదు.

"వానతో మొదలవుతాది," అన్నాడు సన్యాసినాయుడు చివరికి, కోపం తగ్గకుండానే. "ఆ రోజు ఉక్కుపిడుగుకి ఎగరడం రాదు. తడిసిపోయి బస్టాండులో కూకుంటాడు. పక్కనో ముసిల్ది ఉంటాది."

ఆగిపోయాడు.

"తరవాతేటైంది అన్నియ్యా?"