చల్లగౌరమ్మ వెలసిన వైనం

పూర్వం గుండ్లవాగు ఒడ్డున, పసుపు తప్ప మరో పైరు ఎరుగని ఒక పల్లెలో ముమ్మక్క అనే గొల్లవనిత ఉండేది. భర్త పోయిన నాటి నుంచి రెండు ఆవులనూ ఒక మడిచెక్కనూ నమ్ముకొని బతుకుతూ, చేనిగట్టు మీద స్వయంభువుగా వెలసిన గౌరీశిలకు, పంచామృతాలు సమకూర్చలేని పేదరాలు గనుక, ప్రతి ఉదయం ముంతెడు పుల్లటి చల్లతోనే అభిషేకం చేసేది.

ఒక ఏడు శ్రావణం నుంచి ఎడతెరిపి లేని వానలు పట్టి చేలలో నీరు నిలిచింది. ఆకులు వాడి, భూమిలోని దుంపలు మెత్తబడి దుర్గంధం కొట్టసాగాయి. కుళ్ళు చేను నుంచి చేనుకు పాకుతుంటే, ఆ సీమనేలే కాచమనాయకుడు పొరుగు ఊళ్ళనైనా కాపాడదలచి, అక్కడి పైరునంతా పెకలించి తగులబెట్టమని ఆజ్ఞాపించాడు.

ఆ మాట చెవిన పడిన ఉదయం ముమ్మక్క కన్నీళ్ళతోనే అభిషేకం చేసి, తల వంచి కిందికి చూసింది. చుట్టూ పైరంతా వాలిపోగా, అమ్మవారి మీదుగా జారిన చల్ల ఇంకే మొదటి సాలు మాత్రం పచ్చగా, నిటారుగా నిలిచి ఉంది. మట్టి తవ్వితే దుంప రాయిలా గట్టిగా తగిలింది. ఇన్నాళ్ళూ తాను అమ్మకు పోస్తున్నాననుకున్న చల్లను అమ్మ తన చేనికే పోస్తున్నదని తెలిసి, చాలాసేపు ఆ బురదలోనే సాగిలపడి ఉండిపోయింది.

లేచి తిన్నగా నాయకుని ఎదుటికి వెళ్ళింది.

"అయ్యా, ఇరవై రోజులు గడువు ఇప్పించండి. అమ్మ దారి చూపింది" అంది.

"ఆలోగా తెగులు పక్క ఊరికి పాకితే?" అన్నాడు నాయకుడు.

"కుళ్ళిన మొక్కలను నా చేత్తోనే పీకి కాల్చేస్తాను. అప్పటికీ ఆగకపోతే మొదట నా చేనుకే నిప్పు పెట్టించండి."

నాయకుడు గడువు ఇచ్చాడు. ఆమె చెప్పినట్టే ఊరివారు కాలువలు తీసి నిలిచిన నీటిని వాగులోకి మళ్ళించారు. కుళ్ళిన మొక్కలను ఏరి కాల్చారు. ఇంటింటి చల్లనూ కుండల్లో పులియబెట్టి, అమ్మవారిపై పోసి, జారిన దానిని నీళ్ళలో కలిపి ప్రతి మొక్క మొదట్లోనూ పోశారు. ఆ ఇరవై రోజులూ ఊళ్ళో ఎవరి విస్తట్లోనూ చల్ల పడలేదు.

గడువు నాటికి తెగులు ఎక్కడిదక్కడ నిలిచిపోయింది. నాయకుడే గునపం పట్టి ముమ్మక్క చేనులో తవ్వాడు. మొదటి దెబ్బకే పసుపు పరిమళం గుప్పుమంది. పైకి వచ్చిన దుంప పద్మాసనంలో కూర్చున్న గౌరీదేవి ఆకృతిలో ఉండటం చూసి, తలపాగా తీసి చేతులు జోడించాడు. "దీన్ని ఎత్తవలసింది నేను కాదు తల్లీ, నువ్వు" అని పక్కకు తొలగాడు.

గౌరీశిలకు ఆయన కట్టించిన ఆలయంలో కొలువైన దేవి చల్లగౌరమ్మగా ప్రసిద్ధి పొందింది; ఆ పల్లె చల్లగౌరవరం అయింది. నేటికీ అక్కడ అభిషేకానికి పుల్లటి చల్ల తప్ప పాలనూ తేనెనూ గర్భగుడిలోకి రానివ్వరు. పసుపు నాటే ముందు రైతులు సోమసూత్రం నుంచి జారే తీర్థాన్ని కడవలకు పట్టి విత్తన దుంపలపై చల్లుకుంటారు. నాటే రోజు తొలి అభిషేకం మాత్రం ముమ్మక్క వంశపు ఆడపడుచే చేయాలి; ఆమె వచ్చేదాకా అర్చకులు తలుపు తీయరు.